పర్సోం అంటే ఎప్పుడు?

ఫలక్‌నుమాలో ఎవరైనా 'పర్సోం కలిశాం కదా భాయ్' అంటే మొన్న అనుకోకండి. పోయిన వారం కావచ్చు, పోయిన ఏడాది కూడా కావచ్చు! మనం నవ్వుకుని వదిలేస్తాం. ఇదే తికమక విమానంలో వస్తే?

విమానం ఎత్తు చూపే మీటర్‌కి కింద ఉన్న గాలి పీడనం సెట్ చేయాలి. ఆ అంకె కంట్రోలర్ రేడియోలో చెప్తాడు. పక్కనే ఉన్న మన శంషాబాద్‌లోనూ, లండన్‌లోనూ హెక్టోపాస్కల్స్‌లో. అమెరికాలో మాత్రం అంగుళాల్లో. అక్కడ 29.92ని కొందరు పైలట్లు కుదించి 'నైన్ నైన్ టూ' అనేస్తారు.

ఆ అలవాటున్న పైలట్ తుపాను రోజు లండన్‌లో దిగుతున్నాడనుకోండి. కంట్రోలర్ 992 అన్నాడు. ఈయన 29.92 పెట్టాడు. 'నైన్ నైన్ టూ' అని తిరిగి అప్పజెప్పాడు కూడా. ఇద్దరికీ ఓకే! కానీ మీటర్ చూపేదానికన్నా విమానం దాదాపు 600 అడుగులు కింద ఉంటుంది. మబ్బులో, నేలకి దగ్గర్లో.

అందుకే బ్రిటన్‌లో పీడనం 1000 కన్నా తక్కువైతే అంకెతోపాటు 'హెక్టోపాస్కల్స్' అని చెప్పి తీరాలి.

కోడ్‌లో యూనిట్ లేని అంకె కనిపిస్తే ఇప్పుడు నేనూ ఆగుతున్నా. పర్సోం అన్నవాళ్లనీ వదలట్లేదు: 'తారీఖు చెప్పు భాయ్!'