కాటాకు తెలిసేది బరువే, మెత్తదనం కాదు

బ్రెజిల్ పశువుల బజారులో ఒంగోలు రక్తానికి గిరాకీ గట్టిగానే ఉన్నది. అక్కడ నెలోరె అని పిలిచే ఈ జాతి ఆవు వియాటీనా-19లో మూడో వంతు వాటా 2023 వేలంలో పలికిన ధరను బట్టి పూర్తి విలువ సుమారు 43 లక్షల డాలర్లు. ఇది కబేళా ధర కాదు, సంతానంపై పెట్టిన పెట్టుబడి. 1960ల ఆరంభంలో ఒంగోలు దగ్గరి కరవది పేరుతో వెళ్లిన ఆబోతు సంతతి అక్కడి మందల్లో విస్తారంగా పాకింది.

అయితే ఈ జాతి మాంసం గట్టిదన్న ఫిర్యాదు కొనుగోలుదారులలో ఉన్నది. తప్పు పశుపోషకులపై నెట్టడం సబబు కాదు. అక్కడి కబేళాలు ధర కట్టేది అరోబా లెక్కన, అంటే 15 కిలోల కళేబరానికి ఇంత అని. ఏడాది దూడల తూకంలో తేడాలకు సుమారు మూడో వంతు కారణం జన్యువులే. మిగిలినది మేత, వాన, తల్లిపాలు. కనుక తూచి, లెక్క రాసి, మేలైన ఆబోతు వీర్యం వాడినవారికి తరానికి కొంత చొప్పున బరువు కలిసివచ్చింది. కాటా అడిగింది అదే, వారు ఇచ్చిందీ అదే.

మూపురం పశువుల కండలో కాల్‌పాస్టాటిన్ అనే మాంసకృత్తు ఎక్కువ. కోత తరువాత కండను మెత్తబరచే ఎంజైములకు అది అడ్డు. కండ నడుమ చారలుగా పట్టే కొవ్వూ తక్కువే. అమెరికాలో ఆ చారలను బట్టే ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ గ్రేడులు, గ్రేడును బట్టి ధర. అందుకే ఆంగస్ పెంపకందారులు ఆబోతును ఎంచేటప్పుడు బరువుతోపాటు కొవ్వు అంకె కూడా చూస్తారు. ఒంగోలు సీమలో ఈ జాతిని తీర్చినది నాగలికి, బండికి. మాంసం సంగతి అక్కడ ఎవరూ చూడలేదు.

నెలోరెలో మార్పు అసాధ్యం కాదు. కొవ్వు మందం, నడుము కండ వైశాల్యం బతికున్న పశువులోనే అల్ట్రాసౌండుతో కొలుస్తారు. మెత్తదనం మాత్రం కోస్తేగాని తేలదు. కోసిన ఆబోతు మళ్లీ దూడలనివ్వదు. సంతానం మాంసాన్ని పరీక్షించి, ఆ లెక్కను డీఎన్‌ఏతో జతపరచాలి. ఆంగస్ వీర్యంతో సంకరం చేయడం దగ్గరదారి, కాని ఎండకు, పిడుదులకు తట్టుకొనే శక్తి కొంత పోతుంది. పరీక్షల ఖర్చు పశుపోషకుడు ఒక్కడే ఎందుకు భరించాలి? మెత్తని మాంసానికి అరోబాపై అదనపు ధర కడతామని కబేళాలు ఒప్పందాలు రాసిననాడు వీర్యం కేటలాగుల్లో ఆ అంకె మొదటి పుటకు వస్తుంది.