అయాన్ ఛానల్: ఆకృతి తెలిస్తే చాలదు, కదలికా తెలియాలి

గుండెల్లో మంటకు, జీర్ణాశయ ఇబ్బందులకు ఒకప్పుడు సిసాప్రైడ్ అనే మందు వాడేవారు. కొందరిలో అది గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీసింది. మరణాలు కూడా నమోదయ్యాయి. 2000లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని తప్పించారు. భారత్‌లో 2011లో నిషేధించారు. పొట్ట కోసం వేసుకున్న మందు గుండెకు ఎందుకు ముప్పయింది? దీనికి జవాబు గుండె కణాల పొరలోని హెర్గ్ అనే ప్రొటీన్‌లో ఉంది.

హెర్గ్ ఒక అయాన్ ఛానల్, అంటే విద్యుదావేశం గల కణాలకు దారినిచ్చే ప్రొటీన్. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పొటాషియం అయాన్లు దీని గుండా కణం బయటికి వెళ్తాయి. అలా వెళ్తేనే కణం తేరుకుని తర్వాతి స్పందనకు సిద్ధమవుతుంది. సిసాప్రైడ్ ఈ దారికి అడ్డుపడింది. కణం తేరుకోవడం ఆలస్యమై లయ తప్పింది.

పొటాషియం ఛానల్ ఆకృతిని తొలిసారి 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఎక్స్-రేల సాయంతో వెల్లడించింది. సోడియం అయాన్ పొటాషియం కంటే చిన్నది. అయినా ఈ ఛానల్ పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపుతుంది. ఇరుకు భాగంలోని ఆక్సిజన్ పరమాణువులు పొటాషియానికి సరిపోయే దూరంలో ఉండి, దాని చుట్టూ ఉండే నీటి అణువుల లోటు తీరుస్తాయి. సోడియానికి అవి సరిగా అమరవు. ఈ కృషికి మెకినన్ 2003లో రసాయన నోబెల్ పంచుకున్నారు. హెర్గ్ ఆకృతి కూడా 2017లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో బయటపడింది.

ఆ చిత్రాలు అమూల్యమైనవే. కానీ ఫొటోలో తలుపు కదలదు. ఛానల్ మాత్రం తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, తెరిచి ఉండగానే ప్రవాహాన్ని ఆపేస్తుంది కూడా. సిసాప్రైడ్ వంటి మందులు కణం లోపలి వైపు నుంచి, తలుపు తెరుచుకున్నప్పుడు దూరి అతుక్కుంటాయి. కాబట్టి మందు ఎక్కడ అతుక్కుంటుందన్నదే కాదు, ఏ స్థితిలో, ఎంతసేపు ఉంటుందన్నదీ ముఖ్యమే.

2005 నుంచి కొత్త మందులకు హెర్గ్ పరీక్ష అంతర్జాతీయ మార్గదర్శకాల్లో భాగమైంది. ఇది మంచి మార్పు. అయితే ఛానల్‌ను ఎంత మేర ఆపుతుందన్న ఒక్క అంకెతోనే తీర్పు చెప్పడం సరికాదు. బీపీకి వాడే వెరాపమిల్ కూడా హెర్గ్‌ను అడ్డుకుంటుంది. కానీ కాల్షియం ఛానల్‌నూ తగ్గించడం వల్ల ఆ తరహా ముప్పు దానితో తక్కువ. ఒక్క అంకెనే నమ్మితే పనికొచ్చే మందు పరీక్షాశాలలోనే ఆగిపోవచ్చు.

ఒక్కో ఛానల్ గుండా పోయే విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతి కొత్తదేమీ కాదు. దానికి ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్‌లు 1991లోనే నోబెల్ అందుకున్నారు. ఛానల్ కదలికలను కంప్యూటర్‌లో అనుకరించే పద్ధతులూ ఉన్నాయి. ఇవి ఖర్చుతో, ఓపికతో కూడిన పనులన్న మాట నిజమే. కానీ మందు రోగుల చేతికి చేరాక లోపం తేలితే చెల్లించే మూల్యం ఇంకా పెద్దది.

హైదరాబాద్ వంటి ఔషధ కేంద్రాలున్న మన దేశానికి ఇది మరీ వర్తిస్తుంది. ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులకు ప్రొటీన్ బొమ్మను చూపడంతో ఆగకుండా, అది కదిలే తీరును కొలవడం నేర్పాలి. కొత్త అణువుల ఎంపికలో ఆ కొలతలకు మొదటి దశలోనే చోటివ్వాలి.