పొమ్మంటే పోని చుట్టం

చుట్టాల్లో రెండు తెగలున్నాయనేవారు మన పెద్దలు. వస్తున్నామని ముందుగా ఉత్తరం ముక్క రాసి, వచ్చి, నాలుగు రోజులుండి, వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో పావలా పెట్టి వెళ్ళేవారు ఒక తెగ. ఎవరో వస్తూంటే వారి వెంటబడి వచ్చి, మొదట వసారాలో పక్క వేసుకుని, ఆనక నడవలోకి జరిగి, ఆఖరికి వంటింటి తాళాలు కూడా తమ దగ్గరే వుంచుకునేవారు రెండో తెగ. ఈ రెండో తెగవారు ఇళ్ళకు రావడం ఈమధ్య తగ్గింది. వారంతా ఇప్పుడు కంప్యూటర్లలో మకాం పెట్టారు.

హాస్యానికి అనడం లేదు సుమండీ. ఇంట్లో కంప్యూటరున్న వారందరికీ ఇది అనుభవమే. మనకు కావలసింది ఒక్క సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతోందంటే సంతోషించి దింపుకుంటాం. 'నెక్స్ట్', 'నెక్స్ట్' అని నాలుగుసార్లు నొక్కుతాం. ఆ నాలుగింట్లో ఎక్కడో ఒకచోట, చీమ తలకాయంత అక్షరాలతో, 'దీనితోపాటు మరొకటి కూడా పెట్టమంటారా?' అన్న ప్రశ్న వుంటుంది. పక్క గడిలో టిక్కు వాళ్ళే పెట్టి వుంచుతారు. మనం కాదనలేదు గనుక అవునన్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమన్నారు మనవాళ్ళు, అదీ సగానికే. కంప్యూటరు లోకంలో మౌనం పూర్తి అంగీకారం! ఇది ఊరూ పేరూ లేని కంపెనీల పని మాత్రమే అనుకోవద్దు. జావా అంతటి పేరున్న సాఫ్ట్‌వేర్‌కి కూడా కొన్నేళ్ళపాటు 'ఆస్క్' టూల్‌బారు తోడుపెళ్ళికూతురిలా వెంట వచ్చేది.

రావడం ఇంత సులువా, పోవడం మాత్రం మహా కష్టం. తెరమీది బొమ్మను చెత్తబుట్టలో వేస్తే సాఫ్ట్‌వేర్ పోయిందనుకునేవారు చాలామంది వున్నారు. అది వీధి తలుపుమీది పేరు పలకను పీకడం వంటిది. మనిషి లోపలే వుంటాడు.

కొందరు అసలు కనబడనే కనబడరు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ అమెరికాలో అమ్మిన కొన్ని పాటల సీడీలను కంప్యూటరులో పెడితే, పాటలు విచ్చలవిడిగా కాపీ కాకుండా కాపలా కాసే ప్రోగ్రాము ఒకటి లోపల చేరి, తన వునికిని విండోసు కంటికే ఆననీయకుండా దాచుకునేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, మార్క్ రుసినోవిచ్ అనే ఇంజనీరు ఆ దొంగను పట్టి, ఆ ఏడు అక్టోబరు 31న లోకానికి చాటాడు. విడ్డూరమేమిటంటే, దాన్ని తీసేయడానికని కంపెనీ ఆ తరవాత ఇచ్చిన సాధనమే కంప్యూటరుకు మరో కన్నం వేసిందని తేలింది. నవంబరులో ఆ సీడీలను వెనక్కు పిలిపించుకోక తప్పలేదు. ఒక్క పాట వినబోయినందుకు ఇంత భాగోతం!

పాటంటే గుర్తొచ్చింది. మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారొకరున్నారు. డెబ్బయ్యారేళ్ళవారు. భార్య పోయి మూడేళ్ళయింది. ఆవిడ పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు నలభై పైచిలుకు మనవరాలు ఫోనులో పట్టి తాతగారి కంప్యూటరులో పెట్టింది. ఆ ఫోను తరవాత పాడైపోయింది. పాటలు ఇంకెక్కడా లేవు. వాటన్నిటినీ వరసగా కలుపుకుందామని మాస్టారు ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకున్నారు. ఆనాటినుంచి యంత్రానిది నత్తనడక. బ్రౌజరు తెరిస్తే ఎన్నడూ చూడని పేజీ ఎదురవుతుంది. తెర మూలన ఎర్రటి అక్షరాలతో 'మీ కంప్యూటరులో అయిదు వైరసులున్నాయి' అంటూ హెచ్చరికలు. బాగుచేసే కుర్రవాడు వచ్చి చూసి, "మొత్తం ఫార్మాట్ కొట్టెయ్యాలండీ" అన్నాడట.

"మరి పాటలో?"

"పోతాయండీ. కాపీ చేస్తే వాటితో వైరసు కూడా వచ్చేస్తుంది."

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది వ్యవహారం. మాస్టారు మా ఇంటికి వచ్చి, కుర్చీలోనైనా కూర్చోకుండా, "అమ్మాయీ, ఆవిడ గొంతు పోకుండా వాటిని మాత్రం పంపగలవుటమ్మా?" అని అడిగారు.

అడ్డమైన వాటిని వెళ్ళగొట్టే ముందు ఇంట్లో విలువైన వస్తువును పక్కింట దాచుకోవాలి. కనుక మేము మొట్టమొదట చేసిన పని పాటలను పెన్‌డ్రైవులోకి ఎక్కించడం. పాటల ఫైళ్ళు ప్రోగ్రాములు కావు. కాపీ చేసుకుని, మరో కంప్యూటరులో స్కాన్ చేసి చూసుకుంటే భయం లేదు. ఒక హారతి వినిపించాక గాని మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క కనబడలేదు.

ఆ తరవాత సెట్టింగ్స్‌లో 'యాప్స్', అందులో 'ఇన్‌స్టాల్డ్ యాప్స్' తెరిచి, జాబితాను తేదీలవారీగా పేర్చాం. ఒకే తేదీన నాలుగు పేర్లున్నాయి. ఒకటి మాస్టారు పిలిచిన చుట్టం. మూడు దాని వెంటబడి వచ్చినవి. 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కగానే పిలిచినదీ, వెంట వచ్చిన రెండూ మర్యాదగా వెళ్ళిపోయాయి. నాలుగోది మాత్రం బతిమాలడం మొదలుపెట్టింది. 'నిజంగా పొమ్మంటారా? మీకు రక్షణ పోతుందే!' అన్నది. 'వుండనివ్వు' అన్న మీట పచ్చగా అరచేయంత వుంది. 'తీసెయ్యి' అన్నది బూడిదరంగులో, కనబడీ కనబడకుండా వుంది. "పిల్లల్ని తికమకపెట్టడానికి ఇచ్చే ప్రశ్నలా వుందే!" అన్నారు మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుంటూ.

తీసెయ్యమంటే, 'ప్రస్తుతం పనిలో వున్నాను, కుదరదు' అంది. ఇలాంటి వాటికి ఒక కిటుకుంది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. కంప్యూటరు లేవగానే తామూ లేచి కూర్చునేవాటి పట్టిక అందులో వుంటుంది. అక్కడ దాని పేరు పట్టుకుని 'డిజేబుల్' చేసి, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపాం. అది నిద్రలో వుండగానే సాగనంపాం. దానికీ లొంగనివాటి కోసం 'సేఫ్ మోడ్' అని మరో దారి వుంది. అందులో అత్యవసరమైనవి తప్ప మరేవీ మేలుకోవు. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్లను అక్కడినుంచి తీయడం కుదరదు. వాటికి మొదటి దారే గతి. కొన్ని వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్లయితే మామూలు దారిన పూర్తిగా పోనే పోవు. వాటిని తీయడానికి తయారుచేసిన కంపెనీలే ప్రత్యేక సాధనాలు ఇస్తాయి.

నాలుగూ పోయాయి. ఎర్ర హెచ్చరికలు మాత్రం వస్తూనే వున్నాయి! మాస్టారు డీలాపడ్డారు. నిజానికి అది వైరసు కాదు. వైరసుందని అరిచే దండోరా. ఎప్పుడో ఏదో వెబ్‌సైటు 'నోటిఫికేషన్లు పంపమంటారా?' అని అడిగితే 'అలౌ' నొక్కి వుంటారు. బ్రౌజరు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ అనుమతి రద్దుచేయగానే దండోరా ఆగిపోయింది. అక్కడే పిలవని ఎక్స్‌టెన్షన్లు రెండు తీసేసి, పాత వెతుకులాట పేజీని తిరిగి నిలబెట్టాం. చివరిగా విండోసులోనే వుండే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో 'ఆఫ్‌లైన్ స్కాన్' చేశాం. అది విండోసు మేలుకోకముందే ఇల్లంతా సోదా చేస్తుంది గనుక, దాక్కోవడం అంత సులువు కాదు.

ఇలాంటి బెదిరింపు చూసి, అందులో ఇచ్చిన నంబరుకు ఫోను చేశారో, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. వైరసుందని భయపెట్టి డబ్బు గుంజడాన్ని మన కేంద్ర వినియోగదారుల రక్షణ అధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. అలాగే 'రిజిస్ట్రీ శుభ్రం చేస్తాం' అంటూ వచ్చే సాధనాల జోలికి పోకండి. వాటి వాడకాన్ని మైక్రోసాఫ్టే సమర్థించడం లేదు. అనుమానమున్న కంప్యూటరులో బ్యాంకు పని చేసి వుంటే, పాస్‌వర్డు మరో శుభ్రమైన యంత్రంనుంచి మార్చుకోండి.

వ్యక్తిగత సమాచారం విషయంలో 2023లో మన పార్లమెంటు చేసిన చట్టంలో నాకు నచ్చిన మాటొకటుంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, దాన్ని వెనక్కు తీసుకోవడమూ అంత సులువుగా వుండాలన్నది దాని భావం. ఆ చట్టం సమాచారానికి సంబంధించినదే గాని, ఆ న్యాయం ఇంట్లోకి వచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ వర్తించాలి. నెక్స్ట్ నొక్కితే లోపలికి వచ్చింది, మరో నెక్స్ట్‌తో బయటికీ పోవాలి. పోనని మొరాయించేది ఎన్ని మేళ్ళు చేస్తానన్నా నమ్మదగింది కాదు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక మీ ఇంటి కంప్యూటరులో ఆ జాబితా ఒకసారి తెరవండి. తెలియని పేరల్లా తీసెయ్యమని కాదు. యంత్రం నడవడానికి అవసరమైనవీ అందులో వుంటాయి. ఆ పేరు ఏమిటో తెలుసుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచి, "దీన్ని ఎవరు రమ్మన్నారు?" అని అడగండి. ఎవరూ పిలవలేదని తేలితే, వీధి తలుపు చూపించడానికి మొహమాటపడకండి.