ఇండ్లా, అంగళ్లా?

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు ఊళ్లరూపు విడిచి నగరమైనవి. 2001లో వెలసిన సైబరాబాదు అభివృద్ధి సంస్థ 2008లో హెచ్.ఎం.డి.ఏ.లో విలీనమైనది. సంస్థలు మాఱినవి, గృహస్థుని మొఱ మాఱలేదు. నివాసమునకని అనుజ్ఞ పొందిన యింట నేఁడు హాస్టలు, రేపు హోటలు, ఎల్లుండి మద్యశాల! వీథిలో బండ్లు నిండును, రోగికి నిద్ర లేదు, మంచినీరు చాలదు.

ఇండ్లనడుమ ఏ వృత్తియుఁ గూడదని మేమనము. వాకిట కుట్టుయంత్రము పెట్టుకొన్న స్త్రీకిని, ఐదంతస్తుల హాస్టలు నడుపు ధనికునకును ఒక్క కొలత తగదు. హాస్టలులోని యువకులును అపరాధులు కారు. ఆఫీసులకు ఎకరములకొలఁది స్థలము చూపినవారు వానిలో పనిచేయువారి నివాసమును గూర్చి తగినంత యోచింపకుండుటయే మూలదోషము.

వాణిజ్యవీథులుగాఁ బ్రకటించిన రోడ్లపై ఇంపాక్టు ఫీజు గొని యింటి యుపయోగమును మార్చుకొననిచ్చుట నేఁటి పద్ధతి. ఫీజు ఖజానాకు, లాభము యజమానికి, బాధ పొరుగువానికి! ఢిల్లీలో ఏండ్లతరబడి ఉపేక్షించిన ఫలముగా 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞపై దుకాణములకు సీళ్లు పడినవి. అట్టి దినము మనకు రాకూడదు.

కావున అనుజ్ఞకు ముందే గుమ్మమున నోటీసు నంటించి, ఇరుగుపొరుగువారి యాక్షేపణలను విని, వ్రాఁతమూలకముగ సమాధాన మిచ్చుట నగరపాలకుల విధి. కాలనీవాసులు సంఘములుగఁ గూడి యీ హక్కును కోరుదురు గాక!