సెలవు రోజుకూ సంజాయిషీయేనా?

పాలమూరు కూలీ పట్నం పోతే బతుకుదెరువంటారు. నల్లగొండ ఆడపిల్ల లా చదువుతూ పట్నం పోతే ‘ఎవరితో తిరుగుతోంది?’ అంటారు.

బార్ కౌన్సిల్ నిబంధనల (2008) ప్రకారం ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. వేసవంతా ఒక వకీలు ఆఫీసులో పైసా లేకుండా ఫైళ్లు మోశాను. ఆ వెట్టిని ఎవరూ ప్రశ్నించలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికినందుకు, టాంక్‌బండ్ మీద కూర్చున్నందుకు మాత్రం ఇంట్లో విచారణ!

జీతం లేని శిక్షణార్థినికీ లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) వర్తిస్తుంది. 10 మందిలోపు పనిచేసే ఆఫీసైతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. హాస్టల్ గేటు మూసే వేళ మాత్రం రోజూ చెప్పారు. ప్రమాదం ఆఫీసు గదిలో ఉంటే కాపలా వీధికా?

పనికి భత్యం, ఆఫీసులో భద్రత, సెలవు రోజు స్వేచ్ఛ: మూడూ మా హక్కులే.