బ్రీమ్ పోటీకి గాలపు సరంజామా

ఇంగ్లండులో బ్రీమ్ చేపల పోటీకి మా మనుమడు సరంజామా ఏరుకుంటున్నాడు. దారం ఎంత సన్నమైతే అన్ని చేపలు పడతాయని ఎవరో వానికి బోధించారట. ఆ బోధను నేను అంగీకరించను.

బ్రీమ్ మన బొచ్చె, శీలావతులకు చుట్టమే. వాటివలె పెనుగులాడదు గనుక సన్నదారం చాలునట! దారం మోసేది చేపను మాత్రమేనా? ఫీడర్ అనే మేతబుట్టను నింపి ముప్పై గజాలు విసరవద్దా? చేప చిక్కినాక ఆ బుట్టకు పైన దారం తెగితే, మూగజీవి బుట్టను ఈడ్చుకుంటూ ఏ నాచులోనో తగులుకొని చావవలసిందేనా?

ప్రధాన దారం ఆరు పౌన్లదైతే, గాలానికి కట్టే తుది దారం నాలుగు పౌన్లది కావాలి. తెగితే అక్కడే తెగాలి. బుట్టను ముడివేసి బిగించరాదు. పెద్దదారం తెగినా జారి ఊడిపోవాలి. గాలం 14 లేదా 16వ నంబరుది, ఎదురుముల్లు లేనిది. (నంబరు పెరిగినకొద్దీ గాలం చిన్నదగుట ఈ విద్యలోని వింత!) తూకం వేసి మరల నీట విడువవలసిన చేప అది. మరి రెండు చేపలు ఎర ముడతాయన్న ఆశతో దానిని చంపుకొనేవారిని నేర్పరులని నేనెట్లా అందును?