కాగితం కాదు, చేతికి పని రావాలి



మన హాస్టల్‌కి ఎప్పుడొచ్చినా డిగ్రీ చదివే తమ్ముళ్లు నన్ను ఒకటే అడుగుతారు. "అన్నా, లైనక్స్ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందంట కదా, ఏ కోచింగ్‌లో చేరమంటావు?" నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరీక్ష మంచిదే. కానీ కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక పాత కంప్యూటర్ సంపాదించండి.

ఎందుకంటే నేను తప్పు చేశాను. మా అమ్మ పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు వెళ్లి కూడబెట్టిన డబ్బు తీసుకెళ్లి హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కట్టాను. వాళ్లిచ్చిన ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టి రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకు వెళ్లాను. తీరా చూస్తే అందులో టిక్కు పెట్టే ప్రశ్న ఒక్కటీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. యూజర్లను తయారుచేయాలి, డిస్కు విభజించాలి, ఫైర్‌వాల్ సరిచేయాలి. ఇంటర్నెట్ ఉండదు, నోట్సు ఉండదు. పైగా మనం చేసినదంతా రీస్టార్ట్ చేశాక కూడా పనిచేయాలి. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో నేను చేసిన ఒక్క తప్పుకు సిస్టమ్ మళ్లీ లేవనే లేదు. 300 మార్కులకు 210 వస్తేనే పాస్. నాకు రాలేదు. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

రెండోసారి కోచింగ్ జోలికి పోలేదు. ఒక పాత కంప్యూటర్ కొని, ఉచితంగా దొరికే రాకీ లైనక్స్ ఎక్కించాను. అది రెడ్ హ్యాట్ లైనక్స్ మాదిరే ఉంటుంది. రోజూ కావాలని ఏదో ఒకటి చెడగొట్టి, నేనే బాగుచేసేవాణ్ని. రూట్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఏం చేయాలో అలాగే నేర్చుకున్నాను. సందేహం వస్తే సిస్టమ్‌లోనే ఉండే మ్యాన్ పేజీలు చదివేవాణ్ని. అవి పరీక్షలోనూ చూసుకోవచ్చు. ఈసారి పాసయ్యాను. అయినా ఆ సర్టిఫికెట్‌కు గడువు మూడేళ్లే. నేర్చిన పనికి గడువు లేదు.

"మాకు కంప్యూటర్ ఎక్కడిదన్నా?" అంటారు. న్యాయమైన మాటే. అందుకే తోటి పూర్వ విద్యార్థులకు నా మనవి: ఈ ఏడు శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బుతో నాలుగు పాత కంప్యూటర్లు కొనిద్దాం. వార్డెన్ గారు స్టడీ అవర్ తర్వాత ఒక గది తెరిచి ఉంచితే చాలు. పిల్లలు పాడుచేస్తారని మాత్రం తాళం వేయవద్దు. పాడుచేస్తేనే బాగుచేయడం వస్తుంది.

– ఒక పూర్వ విద్యార్థి